ముందు సీట్లో క్యాన్

కారు ఎవరిదో ముందే తెలిసి ఉంటే జీవానందం ఇల్లు కదిలేవాడు కాదు.

కోడూరు సెంటర్లో టీ కొట్టు పంచన నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర గోనెగుడ్డ తొడుగులో క్యాన్. సముద్రంలో వాయుగుండం పట్టింది. ఆకాశం నేలకు దిగినట్టు ముసురు. తెల్ల కారొకటి బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. వెనక సీట్లో ఉన్న తేజస్విని అద్దంలోంచి చెయ్యూపింది. దిగుదామని తలుపు లాగితే రాలేదు. డ్రైవరు వచ్చి బయటినుంచి తీశాడు. బడిపిల్లల్ని తిప్పుతుంటానని, వాళ్లు దారిలో తలుపులు లాగేస్తారని, అందుకే వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోకుండా లాక్ వేసి ఉంచుతానని ఆ అమ్మాయికి చెబుతూ తలెత్తాడు. జీవానందాన్ని చూశాడు. మాట మధ్యలో తెగిపోయింది.

అతను బెంజమిన్. జీవానందం భార్య సరోజినికి ఒక్కగానొక్క తమ్ముడు.

“బావా,” అన్నాడు.

జీవానందం అతని భుజం మీదుగా అవతలి బడ్డీకొట్టును చూశాడు. సరోజినిని సమాధి చేసిన రోజునుంచి ఆ మనిషితో అతనికి మాట లేదు. చర్చిలో ఎదురుపడితే చూపు కూడా లేదు.

తేజస్విని గుడివాడ పిల్ల. బందరులో ఉండి మొక్కల మీద పరిశోధన చేస్తోంది. కిందటి వారం జీవానందం ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. హంసలదీవి మడ అడవిలో ఉప్పునీళ్ల మధ్య పెరిగే, పూలు పుయ్యని ఫెర్న్ మొక్క ఒకటి ఉందని, దాని లేత ఆకు కావాలని చెప్పింది. కోసిన మరుక్షణం ద్రవ నైట్రోజన్‌లో ముంచాలట. ఆలస్యమైతే ఆకులోని జన్యువులు ముక్కలై చదవడానికి పనికిరావట. నైట్రోజన్ తెచ్చే ఏజెంటు ముఖం చాటేశాడు. పశువుల వీర్యాన్ని కూడా నైట్రోజన్‌లోనే నిలవ ఉంచుతారని ఎవరో చెబితే, ఊరూరా తిరిగి ఆ వీర్యం ఎక్కించే గోపాలమిత్రల కోసం వెతికింది. ఇరవై ఏళ్లపాటు ఎదకొచ్చిన గేదెలను దున్నపోతుతో పని లేకుండా చూడి కట్టించిన జీవానందం పేరు దొరికింది.

క్యాన్ అతని సొంతం. పని మానేశాక మంచం కింద పడి ఉంది. దాని కోసం గాని, తన కోసం గాని ఇంటికి వచ్చిన మనిషి ఈ మధ్యకాలంలో లేడు. సరే వస్తానన్నాడు. పశువుల ఆసుపత్రిలో పాత పరిచయం పట్టుకుని క్యాన్ నింపించాడు. ఇప్పుడు ఆ అమ్మాయి చల్లపల్లిలో మాట్లాడుకుని తెచ్చిన కారు ఈ మనిషిది.

వెనక్కి పోదామనుకున్నాడు. క్యాన్ ఇచ్చేసి పొమ్మంటే సరిపోతుంది. కాని ఆ చేతులకు అప్పగించబుద్ధి కాలేదు. ఒకసారి ఆ చేతుల్లో పడ్డ సిలిండర్ ఏమైందో చూశాడు.

బెంజమిన్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ఇక్కడ కూర్చో బావా. కాళ్లు చాపుకోవచ్చు.”

జీవానందం ఆ సీటు మీద క్యాన్ పెట్టాడు. బెల్టు లాగి దానికి బిగించాడు. తను వెనక్కి వెళ్లి అమ్మాయి పక్కన కూర్చున్నాడు.

“అది నా కాళ్ల దగ్గర పెట్టుకునేదాన్ని కదండీ,” అంది తేజస్విని.

“ఉండనీ అమ్మా. ఆయన పక్కన కూర్చునే మనిషి ఎవరూ లేరు. అదన్నా కూర్చుంటుంది.”

బెంజమిన్ బండి తీశాడు.

ఆ ఉదయమంతా మడ అడవిలో గడిచింది. పాలకాయతిప్ప దగ్గర నాంచారయ్య అనే పడవవాడు వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని పాయలోకి తీసుకెళ్లాడు. పాటు సమయం. నీళ్లు తీసి బురద బయటపడింది. బురదలోంచి మడచెట్ల గాలివేళ్లు మేకుల్లా పైకి పొడుచుకుని ఉన్నాయి. ఫెర్న్ గట్టున దుబ్బుగా పెరిగింది. మనిషి ఎత్తు ఆకులు, వాటి అడుగున తుప్పు రంగు పొడి. మధ్యలో ముడుచుకున్న ఎర్రటి చిగుళ్లు. తేజస్విని మోకాలి లోతు బురదలో నిలబడి చిగుళ్లు కోసి, వెండికాగితంలో చుట్టి ఇస్తుంటే జీవానందం మూత ఎత్తి క్యాన్ లోపలికి దించాడు. ప్రతిసారీ తెల్లటి ఆవిరి లేచి అతని మణికట్టు మీదుగా కిందికి జారింది. అతనికది పాత చుట్టం.

తిరిగి పడవ ఎక్కేటప్పుడు క్యాన్ జారింది. పడవ అంచుకు ఠంగుమని తగిలింది. నాంచారయ్య “అబ్బా” అన్నాడు. జీవానందం ఊపి చూశాడు. లోపల నైట్రోజన్ కదిలింది. ఒలకలేదు.

క్యాన్‌కు రెండు గోడలు. మధ్యలో గాలి కూడా ఉండదు. ఆ ఖాళీయే చలిని కాస్తుంది. ఎక్కడైనా సందు పడి అక్కడికి గాలి చొరబడితే క్యాన్ ఒంటి నిండా మంచు పేరుకుంటుంది, లోపలిది ఆవిరైపోతుంది. ఈ సంగతి జీవానందానికి ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు. రోజూ ఒళ్లు చూసుకోమన్నారు. కాని బోసి క్యాన్ ఎండకు తళతళలాడితే పాకలో గేదె బెదురుతుంది. అందుకని ఆ చుట్టుపక్కల గోపాలమిత్రలందరూ గోనెగుడ్డ తొడుగు కుట్టించుకునేవాళ్లు. జీవానందం తొడుగు సరోజిని కుట్టింది. అతను దాన్ని విప్పడు. తొడుగు మీదినుంచే చేత్తో తడిమి చూశాడు. చల్లగా ఉంది. ఆ వానలో చల్లగా లేనిదేముంది? సరేననుకున్నాడు.

కారులో క్యాన్ మళ్లీ ముందు సీటు మీదికి, అతను మళ్లీ వెనక్కి.

వాన పెరిగింది. అద్దాలన్నీ ఎత్తేసి బెంజమిన్ ఏసీ వేశాడు. చేపల చెరువుల కంపు లోపలికి రాకుండా, ఉన్న గాలినే తిప్పే మీట నొక్కాడు. అద్దాల మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. బయట చెరువు ఎక్కడో, పొలం ఎక్కడో తెలియడం లేదు.

“డ్రైవరుగారికి చెప్పమ్మా, గతుకుల్లో మెల్లగా పోవాలని,” అన్నాడు జీవానందం.

“విన్నానని చెప్పండి మేడమ్,” అన్నాడు బెంజమిన్.

“నన్ను పోస్టాఫీసు చేశారు ఇద్దరూ,” అంది తేజస్విని. ఏం జరిగిందని అడగబోయి జీవానందం ముఖం చూసి ఊరుకుంది. అతనే మాట మార్చాడు. ఇంత బురదలో దిగి తెచ్చుకున్న ఆకును చదివితే ఏం తెలుస్తుందని అడిగాడు.

ఆ పిల్లకు కావలసింది అదే. చెప్పుకుపోయింది. ఫెర్న్ మన మామిడికీ వరికీ దూరపు చుట్టమట. వాళ్లందరి తాతా ఒకడేనట. ఆ తాత మట్టిలో కలిసిపోయి కోట్ల ఏళ్లయింది. కాని చుట్టాలందరి జన్యువులూ పక్కపక్కన పెట్టి చదివితే, అందరిలోనూ ఉన్నది తాత దగ్గర్నుంచి వచ్చిందని, కొందరిలోనే ఉన్నది తర్వాత పుట్టిందో మిగతావాళ్లు పోగొట్టుకున్నదో అని తేల్చుకోవచ్చు. అలా చదివి చూస్తే తాత అనుకున్నంత అమాయకుడు కాదని తెలుస్తోందట. సరంజామా చాలా అప్పటికే సమకూర్చుకున్నాడట.

“ఫెర్న్‌ల జన్యువుల మూట చాలా పెద్దదండీ. మనుషులకన్నా ఎన్నో రెట్లు పెద్దవి కూడా ఉన్నాయి. ఎప్పటెప్పటివో, పని లేనివి, రెండేసి ప్రతులు, అన్నీ అలాగే అట్టిపెట్టుకుంటాయి. ఏదీ పారెయ్యవు.”

“మా బావలాగా,” అన్నాడు బెంజమిన్ రోడ్డు మీద చూపు తిప్పకుండా.

జీవానందం కిటికీ వైపు తిరిగాడు. పారెయ్యడు. ఎందుకు పారెయ్యాలి? ఆ కరోనా ఏడాది మేలో సరోజిని బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వరండాలో పడుకుని ఉంది. లోపల మంచం లేదు, ఆక్సిజన్ లేదు. బెంజమిన్ గుడివాడలో ఎవరి కాళ్లో పట్టుకుని ఒక సిలిండర్ సంపాదించాడు. దారిలో పెడనలో బట్టల అద్దకం వాళ్ల ఇంటి ముందు ఒక ముసలామె కారుకు అడ్డం పడుకుంది. లోపల ఆమె కోడలు ఎగశ్వాసతో ఉంది. సిలిండర్ అక్కడ దింపేశాడు. ఇంకొకటి తెస్తానని మళ్లీ గుడివాడ పోయాడు. అతను తిరిగి వచ్చేసరికి సరోజిని ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. పెడనలో ఆ కోడలు బతికింది. ఇప్పటికీ క్రిస్మస్‌కు బెంజమిన్ ఇంటికి చీర పంపుతుందని జీవానందం విన్నాడు.

ఎందుకిచ్చావని ఆ రోజు అడిగాడు. దానికి బెంజమిన్ చెప్పిన జవాబు అతని చెవిలో ముల్లులా ఉండిపోయింది. “అక్క అప్పుడే ఫోన్లో మాట్లాడింది బావా. నవ్వింది కూడా. ఆగగలదనుకున్నాను.”

నవ్విందట.

కోడూరు దాటింది. రోడ్డు కాలువ కట్ట ఎక్కింది. ఎడమ పక్క పొలాలు, కుడి పక్క నిండుగా ఎర్రటి నీళ్లు. తేజస్విని ఇంకా చెబుతూనే ఉంది. ఇప్పుడు గొట్టాల మీదికి వచ్చింది. నేల మీద నిటారుగా నిలబడాలంటే మొక్కకు లోపల నీటి గొట్టాలు కావాలి. ఆ గొట్టాలు వచ్చాకే అడవులు వచ్చాయి.

“అవెలా తయారవుతాయో తెలుసాండీ? కణం ముందు తన గోడ గట్టి చేసుకుంటుంది. తర్వాత చచ్చిపోతుంది. లోపలున్నదంతా తనే అరిగించుకుని ఖాళీ అయిపోతుంది. ఆ డొల్లలోంచి నీళ్లు పైకెళ్తాయి. బతికున్నంతసేపూ అది గొట్టంగా పనికిరాదు. చెట్టంతా చచ్చినవాళ్ల మీద నిలబడి ఉంటుందన్నమాట.”

“చచ్చిపొమ్మని ఎవరు చెబుతారు?”

“జన్యువులే. అలాంటివే గోడ మీద పచ్చగా పట్టే పాచిలో కూడా దొరికాయి. పాచికి కలపే లేదు. అంటే చెట్లు పుట్టకముందే ఆ ఆజ్ఞ రాసిపెట్టి ఉంది.”

జీవానందానికి వీపు మీద చలి పాకింది. ఏసీ అనుకున్నాడు. “చచ్చేటప్పుడు దానికి తెలుస్తుందా?”

“మొక్కకి తెలియడం ఏంటండీ,” అని నవ్వింది తేజస్విని. “ఏమీ తెలియదు. హాయిగా ఉంటుందేమో.” మళ్లీ నవ్వింది.

మంచి పిల్ల అనుకున్నాడు జీవానందం. అంత బురద తొక్కి వచ్చి కూడా నవ్వుతోంది. అతనికి కూడా ఒళ్లు తేలిగ్గా ఉంది. పొద్దుట్నుంచీ ఛాతీలో గడ్డకట్టిన కోపం ఎక్కడో జారిపోయినట్టుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఈ వయసులో పడవ ఎక్కితే అలుపు రాదా? ముందు సీట్లో క్యాన్ మూతి దగ్గర తెల్లటి పొగ సన్నగా తిరుగుతోంది. అది ఎప్పుడూ ఉండేదే. ఇరవై ఏళ్లు మోటారుసైకిల్ వెనక ఆ పొగ గాల్లో కలిసిపోవడమే అతను చూశాడు. అది ఎటు పోతుందని ఆలోచించే అవసరం ఏనాడూ పడలేదు.

బెంజమిన్ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు. ఒకే చరణం. చరణం మధ్యలో ఆగి, మళ్లీ మొదటికి వస్తున్నాడు. కారు మెల్లగా ఎడమకు జరిగి, మెల్లగా కుడికి జరిగింది.

“గొట్టం,” అంది తేజస్విని. “గొట్టంలో నీళ్లు. అది చచ్చిపోయాక నీళ్లు. చచ్చిపోయాక...” తర్వాతి మాట దొరకలేదు. దొరకనందుకు నవ్వొచ్చింది. సీటు మీద చెయ్యి ఆన్చి నవ్వుతూ అతని వైపు వాలింది.

జీవానందం ఆ చెయ్యి చూశాడు. గోళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

వాటినే చూస్తూ ఉన్నాడు. ఆ రంగు తనకు తెలుసు. ఎక్కడ చూశాడో గుర్తు రావడం లేదు. తల నిండా దూది కూరినట్టుంది. వరండా. ఇనప మంచం. సరోజిని పడుకుని ఇంట్లో కోళ్లకు నూకలు వేశావా అని అడుగుతోంది. వార్డు బాయ్ నడకను చూసి జోకు వేస్తోంది. ఫోన్లో తమ్ముడితో నవ్వుతోంది. ఫోన్ పట్టుకున్న వేళ్ల గోళ్లు ఇదే రంగు. తర్వాత ఒక నర్సు చెప్పింది, గాలి తక్కువైతే కొందరికి ఆయాసం కూడా రాదు, నవ్వుతూ మాట్లాడుతూనే పోతారని.

గాలి.

మూసిన కారులో ఆ తెల్లటి పొగ గాలిని తోసేసి నిండిపోయింది. భయం పుట్టింది. పుట్టి, అంతలోనే తేలిపోబోయింది. అదే అతన్ని మరింత భయపెట్టింది. భయం కూడా నిలవడం లేదు. నిద్ర వస్తోంది. నిద్ర చాలా తియ్యగా ఉంది.

అద్దం దించే మీట నొక్కాడు. కదల్లేదు. పిల్లల కోసం దానికీ లాక్. తలుపు లాగాడు. రాలేదు. వెనక నుంచి ఏదీ తెరుచుకోదు. అన్నీ ఆ ముందు మనిషి చేతి కింద ఉన్నాయి.

“ఆయనకు చెప్పు, అద్దాలు,” అన్నాడు. తేజస్విని అతని భుజం మీద తల పెట్టింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. మాట మోసే మనిషి లేదు.

“బెంజమిన్,” అన్నాడు జీవానందం. “కారాపు.”

కూనిరాగం ఆగింది. అద్దంలో బెంజమిన్ కళ్లు కనబడ్డాయి. అవి నీళ్లతో నిండాయి.

“మాట్లాడావు బావా,” అన్నాడు. “మాట్లాడావు. అక్కకి చెబుతా.” అంటూ నవ్వాడు. పెదాలు నల్లగా ఉన్నాయి. స్టీరింగ్ మీది చేతులు జారి ఒళ్లో పడ్డాయి.

కారు కాలువ వైపు తిరిగింది.

జీవానందం రెండు సీట్ల సందులోకి పడ్డాడు. చేతి బ్రేకు దొరికింది. లాగాడు. చేతిలో బలం లేదు. రెండో చెయ్యి కూడా వేసి ఒళ్లంతా వెనక్కి వేలాడేశాడు. చక్రాలు కీచుమన్నాయి. కారు వెనక భాగం గిర్రున తిరిగి కట్ట అంచున తుంగలో దిగబడి ఆగింది. ముందద్దం నిండా ఎర్రటి కాలువ. అప్పుడు ముందు సీట్లో క్యాన్ బెల్టు మీద ఒరిగింది. మూత ఊడింది. తెల్లటి ఆవిరి గలగలమంటూ సీటు మీదినుంచి కిందికి దూకి పాదాల దగ్గర మడుగు కట్టింది.

శ్వాస బిగబట్టాడు. బిగబట్టడానికి లోపల ఏమీ లేదు.

ఆవిరి కక్కుతున్న క్యాన్ అవతలి తలుపును అందుకునే వీలు లేదు. బెంజమిన్ తలుపు ఒక్కటే దిక్కు. అతని మీదినుంచి పోవాలి. సందులో మోకాలు ఇరుక్కుంది. ఎడమ చెయ్యి ఊతకోసం చాపితే క్యాన్ తొడుగు తగిలింది. గోనె బల్లలా బిగుసుకుపోయి ఉంది. తడి అరచెయ్యి దానికి అతుక్కుపోయింది. లాగితే చర్మం అక్కడే ఉండిపోయింది. నొప్పి ఎక్కడో దూరాన ఎవరిదో అన్నట్టు వచ్చింది. ఆ నొప్పినే పట్టుకున్నాడు. అది ఉన్నంతసేపు నిద్ర రాదు. బెంజమిన్ ఒళ్లో అడ్డంగా పడి తలుపు పిడి వెతికాడు. వేళ్లు అద్దాన్ని గీశాయి, ప్లాస్టిక్‌ను గీశాయి. చుట్టూ తెల్లగా ఉంది. కళ్ల అంచుల నుంచి నల్లగా మూసుకొస్తోంది. పిడి వేలికి తగిలింది. అది పిడి అని గుర్తుపట్టడానికి కూడా కొంతసేపు పట్టింది.

తలుపు ఊడినట్టు తెరుచుకుంది. జీవానందం తలకిందులుగా బురదలో పడ్డాడు. వాన నోట్లోకి కొట్టింది. గాలి కొట్టింది. మొదటి శ్వాస కత్తిలా దిగింది.

లేవలేకపోయాడు. పాక్కుంటూ వెనక తలుపు దగ్గరకు పోయాడు. బయటినుంచి అది మామూలుగా తెరుచుకుంది. తేజస్వినిని చంకల కింద పట్టి లాగాడు. తుంగ మీద పడేశాడు. చెంపలు వాయించాడు. ఆ పిల్ల ఒక్కసారిగా గట్టిగా ఊపిరి లాగి, దగ్గి, కళ్లు తెరిచి వానను చూసి ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపు విని అతనికి ప్రాణం లేచివచ్చింది. నవ్వి ఉంటే ఏమయ్యేవాడో.

బెంజమిన్ ఇంకా సీట్లో ఉన్నాడు. బెల్టు బిగించి ఉంది. తల పక్కకు వాలి, ముఖం మీద అదే నవ్వు. తెల్లటి పొగ నడుము దాకా ఉంది.

జీవానందం తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ నవ్వును చూశాడు. సరోజిని నవ్వింది కాబట్టి ఆగగలదనుకున్నానని ఈ మనిషి చెప్పింది ఇన్నేళ్లూ సాకు అనుకున్నాడు. తప్పించుకోవడానికి అన్న మాట అనుకున్నాడు. ఇందాక పక్కన పిల్ల నవ్వుతుంటే తను ఏమనుకున్నాడు? మంచి పిల్ల అనుకున్నాడు.

బెల్టు మీట నొక్కాడు. చొక్కా కాలర్ పట్టుకుని లాగాడు. బరువు. సరోజిని పెళ్లినాటికి చంకలో ఎత్తుకుని తిప్పిన పిల్లాడు. కట్ట మీదికి ఈడ్చి పడుకోబెట్టి ఛాతీ మీద చరిచాడు. కదలిక లేదు. ముక్కు మూసి నోట్లోకి గాలి ఊదాడు. మళ్లీ ఊదాడు. “లేవరా,” అన్నాడు. “లేచి చెప్పు. పెడనలో ఎందుకు దింపావో మళ్లీ ఒకసారి చెప్పు.” ఊదాడు.

బెంజమిన్ ఛాతీ ఎగిరింది. పక్కకు తిరిగి కక్కాడు. చాలాసేపు దగ్గాడు. జీవానందం అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని గోళ్లు చూస్తూ కూర్చున్నాడు. నేరేడు రంగు పోయి బూడిద రంగు వచ్చింది. బూడిద రంగు పోయి మెల్లగా ఎరుపు దిగింది. అప్పుడు చెయ్యి వదిలేశాడు.

దారిన పోయే ట్రాక్టరు వాళ్లు ఆగి, తాడు కట్టి కారును కట్ట మీదికి లాగారు. ఇంత వానలో తలుపులన్నీ బార్లా తెరుచుకుని కూర్చున్నారేమిటని ఒకతను వేళాకోళం చేశాడు. క్యాన్‌లో ఇక ఆవిరి కూడా లేదు. జీవానందం సరోజిని కుట్టిన తొడుగును కత్తితో కోశాడు. ఒక పక్కంతా వేలు మందాన మంచు. పడవ అంచు తగిలిన చోట వెంట్రుకంత చీలిక.

తేజస్విని వెండికాగితం పొట్లాలు చేతిలోకి తీసుకుని చూసింది. లోపల చిగుళ్లు నల్లగా, మెత్తగా, ఉడికిన ఆకుకూరలా అయిపోయాయి. పనికిరావంది. పడేయకుండా సంచిలో పెట్టుకుంది.

“బందరు ఆసుపత్రికి పోవాలి మేడమ్,” అన్నాడు బెంజమిన్ బొంగురు గొంతుతో. “ముగ్గురం చూపించుకోవాలి. బావ చెయ్యి కాలింది.” స్టీరింగ్ ముందు కూర్చుని అద్దాలన్నీ దించాడు. వెనక తలుపుల లాకులు తీశాడు. క్యాన్‌ను డిక్కీలో పెట్టబోతే తేజస్విని వద్దంది. ఖాళీదే కదా అన్నారు. అయినా వద్దంది. కారు పైన కట్టారు.

జీవానందం వెనక తలుపు దగ్గరకు వెళ్లి ఆగాడు. ముందుకు వచ్చాడు. క్యాన్ కూర్చున్న సీటు తడిగా ఉంది. దాని మీదే కూర్చున్నాడు.

బెంజమిన్ అతని వైపు తిరిగాడు. “బావా, ఆ రోజు అక్క...”

“దాని సంగతి వద్దు,” అన్నాడు జీవానందం. “నేను మర్చిపోలేదు. మర్చిపోను.”

కారు కదిలింది. నాలుగు అద్దాల్లోంచీ వాన లోపలికి కొడుతోంది. ముఖాలు తడిసిపోతున్నాయి. ఎవరూ తుడుచుకోలేదు. అవనిగడ్డ దాటింది. పులిగడ్డ దాటింది. కృష్ణ వంతెన మీద గాలి కారును ఊపేస్తుంటే బెంజమిన్ పళ్లు బిగించి నడుపుతున్నాడు. అతని నోట మాట లేదు. జీవానందం చూపు రోడ్డు మీద లేదు. స్టీరింగ్ పట్టుకున్న ఆ వేళ్ల మీద, గోళ్ల మీద ఉంది. మబ్బు వెలుతురులో వాటి రంగు ఒక్కోసారి ఒక్కోలా కనబడుతోంది. కనబడినప్పుడల్లా అతను ముందుకు వంగి చూస్తున్నాడు.

మోపిదేవి దగ్గర ఇక ఉండబట్టలేకపోయాడు.

“ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు,” అన్నాడు. “నవ్వకు మాత్రం.”